ఏ జట్టు మనది? 1954-55 రంజీ పోటీలు, సరిహద్దు తాలూకాలు



1955లో మద్రాసు జట్టు మొట్టమొదటిసారిగా రంజీ ట్రోఫీ గెలుచుకుంది. క్రికెట్ చరిత్ర రాసేవాళ్ళు ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతారు. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లో ఉండే మనకు మాత్రం ఆ ఒక్క వాక్యం చాలదు. ఆ ఏడు తిరువళ్ళూరు మద్రాసు రాష్ట్రంలో ఉంది. తిరుత్తణి ఆంధ్ర రాష్ట్రంలో ఉంది. అటు పిల్లనిచ్చినవాళ్ళు ఇటు, ఇటు పిల్లను తెచ్చుకున్నవాళ్ళు అటు. మధ్యలో అరక్కోణం జంక్షన్. మరి మద్రాసు గెలిస్తే, ఆ గెలుపు తిరుత్తణి వాళ్ళది కూడానా, కాదా? ఈ ప్రశ్న వెనక ఉన్న చరిత్రను ఈ పూట కాస్త తీరికగా చెప్పుకుందాం.

ముందుగా తిరుత్తణి సంగతి. 1911 ఏప్రిల్ 1న ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కొన్ని తాలూకాలు, కడప జిల్లా నుంచి కొన్ని తాలూకాలు తీసి చిత్తూరు జిల్లా ఏర్పరిచారు. తిరుత్తణి అందులో చేరింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు, జిల్లాతో పాటే తిరుత్తణి కూడా ఆంధ్రలోకి వెళ్ళింది. రాజధాని కర్నూలు. హైకోర్టు గుంటూరు. ఈ రెండూ తిరుత్తణి నుంచి ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కరలేదు. చదువుకైనా, వైద్యానికైనా, సరుకు అమ్మడానికైనా చెన్నపట్నమే గతి. చివరికి తెలుగు దినపత్రిక కావాలన్నా చెన్నపట్నమే. ఆంధ్రపత్రిక 1914 నుంచీ, ఆంధ్రప్రభ 1938 నుంచీ అక్కడే అచ్చయ్యేవి. అంటే కాగితం మీద ఒక రాష్ట్రం, కాళ్ళు నడిచేది ఇంకో రాష్ట్రం వైపు.

ఆ రోజుల్లో తిరుత్తణిలో పుట్టిన ఒక మహనీయుడు దేశానికి ఉపరాష్ట్రపతి. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి 1954లో భారతరత్న వచ్చింది. తెలుగువాళ్ళు మావాడన్నారు, తమిళులు మావాడన్నారు. రెండూ నిజమే కనక ఎవరూ ఎవరితోనూ పోట్లాడవలసిన పని లేకపోయింది. కానీ ఆటల్లో అలా కుదరదు. ఆటలో ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. చూసేవాడు ఏదో ఒక పక్క నిలబడాలి.

ఇప్పుడు ఆంధ్ర జట్టు సంగతి. కొత్త రాష్ట్రం వచ్చిన 1953లోనే ఆంధ్ర క్రికెట్ సంఘం కూడా వచ్చింది. 1953-54 రంజీ పోటీల్లో ఆంధ్ర పేరుతో ఒక జట్టు తొలిసారి బరిలోకి దిగింది. అంతకు ముందు సర్కారు జిల్లాల కుర్రవాడు ఎంత బాగా ఆడినా మద్రాసు జట్టులో చోటు దొరికితేనే రంజీ ఆడగలిగేవాడు. ఇప్పుడు సొంత జట్టు వచ్చింది. ఆ తొలి ఏడు ఆ జట్టుకు ఆడినవారిలో కఠారి కనకయ్య నాయుడు ఉన్నారు. సి.కె. నాయుడు అంటే దేశమంతా ఎరుగును. 1932లో ఇంగ్లండులో లార్డ్స్ మైదానంలో భారత జట్టు తొలి టెస్టు ఆడినప్పుడు సారథి ఆయనే. పుట్టింది 1895లో నాగపూర్‌లో, పూర్వీకులు మచిలీపట్నం వారు. ఆంధ్రకు ఆడేనాటికి ఆయనకు యాభయ్యెనిమిదేళ్ళు! ఆ వయసులో మనం మెట్లెక్కడానికి ఆలోచిస్తాం. ఆయన ప్యాడ్లు కట్టుకుని ఒక పసిజట్టుకు తోడుగా నిలిచారు.

ఈ లెక్కన తిరుత్తణి వాళ్ళకు ఆంధ్ర జట్టే సొంత జట్టు కావాలి కదా. చట్టం ప్రకారం అంతే. కానీ మద్రాసు జట్టును పరాయిదని అనుకోవడానికి మాత్రం తెలుగువాడికి ఏ కారణమూ కనిపించదు. ఆ జట్టుకు పునాది వేసినవాళ్ళలో మొదటివాడు తెలుగువాడు కావడమే అందుకు కారణం.

ఆయన పేరు మోదవరపు వెంకట మహీపతి నాయుడు. అందరూ పిలిచే పేరు బుచ్చిబాబు. 1868లో పుట్టారు. పెద్ద దుబాసీల వంశం, మైలాపూరు లజ్‌లో పెద్ద ఇల్లు. ఆ కాలంలో చేపాక్ మైదానం మద్రాస్ క్రికెట్ క్లబ్బు చేతిలో ఉండేది. అది 1846లో పుట్టిన దొరల క్లబ్బు. మనవాళ్ళకు అందులో సభ్యత్వం లేదు. బుచ్చిబాబు మనసుకు ఇది పట్టింది. అర్జీలు పెట్టుకుంటూ కూర్చోలేదు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టి, భారతీయ కుర్రవాళ్ళను చేరదీసి, ఆటసామగ్రి తన డబ్బుతో కొనిచ్చి ఆట నేర్పించారు. ఉన్నవాళ్ళు ధర్మసత్రాలు కట్టిస్తారు, గుళ్ళకు గోపురాలు ఎత్తిస్తారు. ఆ రోజుల్లో క్రికెట్ బ్యాట్లు కొనిపెట్టడం కూడా ఒక దానమేనని తోచడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

దొరల జట్టుతో భారతీయుల జట్టు సరిసమానంగా తలపడాలన్నది బుచ్చిబాబు కోరిక. ఏర్పాట్లన్నీ చేశారు. ఆ ఆట చూడకుండానే 1908లో కన్నుమూశారు. ఆయన నాటిన విత్తే తర్వాత ప్రెసిడెన్సీ మ్యాచ్‌గా పెరిగి, సంక్రాంతి రోజుల్లో చెన్నపట్నానికి అదొక తిరునాళ్ళయింది. 1952 దాకా సాగింది. ఆయన పేరిట మొదలైన పోటీలు ఈనాటికీ వినబడుతూనే ఉన్నాయి.

ఆయన కొడుకుల్లో ఒకరు దత్తతకు వెళ్ళి కోటా రామస్వామి అయ్యారు. ఆయన కథ విడిగా చెప్పుకోవలసినంత పెద్దది. 1922లో డేవిస్ కప్పులో టెన్నిస్ ఆడారు. 1936లో, నలభై ఏళ్ళు నిండిన తర్వాత, ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో తొలి టెస్టు క్రికెట్ ఆడి 40, 60 పరుగులు చేశారు. రెండు ఆటల్లో దేశం తరఫున నిలిచినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందులో చెన్నపట్నం తెలుగింటి వాడొకరు.

రెండు ఆటల మాట వచ్చింది కనక మన పాత చెంగల్పట్టు జిల్లా వాడిని కూడా తలచుకోవాలి. అప్పట్లో తిరువళ్ళూరు కూడా ఆ జిల్లాలోనిదే కదా. మొరప్పాక్కంలో 1909లో పుట్టిన ఎం.జె. గోపాలన్ హాకీ, క్రికెట్ రెండూ ఆడేవారు. 1936లో ఒకే వేసవిలో రెండు పిలుపులు వచ్చాయి. బెర్లిన్ ఒలింపిక్స్‌కు హాకీ జట్టు వెళుతోంది, ఇంగ్లండుకు క్రికెట్ జట్టు వెళుతోంది. ఆయన క్రికెట్‌ను ఎంచుకున్నారు. హాకీ జట్టు బంగారు పతకంతో తిరిగి వచ్చింది. క్రికెట్ జట్టుతో వెళ్ళిన గోపాలన్‌కు అక్కడ ఒక్క టెస్టులోనూ ఆడే అవకాశం రాలేదు. అయినా ఆయన పేరు చెరిగిపోని చోటొకటి ఉంది. రంజీ ట్రోఫీ మొత్తం చరిత్రలో మొదటి బంతి వేసింది ఆయనే.

అది 1934 నవంబరు 4. చేపాక్‌లో మద్రాసు, మైసూరు జట్లు ఎదురుపడ్డాయి. మైసూరు 48 పరుగులకే పడిపోయింది. మద్రాసు 130 చేసింది. రెండో ఇన్నింగ్స్‌లో మైసూరు 59. పొద్దున మొదలైన ఆట పొద్దు వాలేలోగా ముగిసింది. ఇన్నింగ్స్ 23 పరుగుల తేడాతో మద్రాసు గెలిచింది. ఆ రోజు 35 పరుగులిచ్చి పదకొండు వికెట్లు తీసినవాడు ఎ.జి. రాంసింగ్. అమృత్‌సర్ నుంచి వచ్చి చెన్నపట్నంలో స్థిరపడిన సిక్కు కుటుంబం వారిది. జట్టు సారథి జాన్‌స్టన్ అనే ఇంగ్లీషు దొర. చూశారా, మద్రాసు జట్టు అంటే ఎవరెవరు కలిసిన జట్టో! తెలుగు ప్రభువు నాటిన తోటలో పంజాబీ కుటుంబం వాడు పండించిన పంట అది.

అంత ఘనంగా మొదలుపెట్టినా ట్రోఫీ మాత్రం చేతికి అందలేదు. 1935-36లో ఫైనలు దాకా వెళ్ళి బొంబాయి చేతిలో ఓడింది. 1940-41లో మళ్ళీ వెళ్ళి మహారాష్ట్ర చేతిలో ఓడింది. ఆ తర్వాత పధ్నాలుగేళ్ళ పాటు ఫైనలు ముఖమే చూడలేదు. ఈలోగా దేశానికి స్వతంత్రం వచ్చింది, రాష్ట్రం చీలింది, తెలుగు జిల్లాలు వెళ్ళిపోయాయి. మద్రాసు జట్టు ఇక బలహీనపడిపోతుందని ఎవరైనా అనుకుని ఉంటే వాళ్ళను తప్పుపట్టలేం.

అప్పుడు వచ్చింది 1954-55. ఆ రోజుల్లో రంజీ పోటీల పద్ధతి వేరు. దేశాన్ని మండలాలుగా విడగొట్టేవారు. దక్షిణ మండలంలో మద్రాసు, మైసూరు, హైదరాబాదు, తిరువాంకూరు-కొచ్చి, కొత్తగా చేరిన ఆంధ్ర, ఇలా అయిదు జట్లు. ఓడిన జట్టు ఇంటికి, గెలిచిన జట్టు పై మెట్టుకు. ఒక్క ఆట చెడితే ఏడాదంతా చెడినట్టే. ఇప్పటి లీగు పద్ధతిలో తప్పు దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది, అప్పుడు ఉండేది కాదు.

మద్రాసు సారథి బాలు అళగణ్ణన్. మీలో పెద్దవాళ్ళు ఈ పేరు చదివి కాదు, రేడియోలో విని గుర్తుపట్టి ఉంటారు. తర్వాతి కాలంలో ఆయన క్రికెట్ వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకున్నారు. అయితే ఆ ఏడు జట్టును భుజాల మీద మోసినవాడు ఇరవై ఒక్కేళ్ళ కృపాల్ సింగ్. పైన చెప్పిన రాంసింగ్ గారి కొడుకే. తండ్రి మైసూరును కూల్చిన రోజున ఈ పిల్లవాడికి నిండా ఏడాదిన్నర కూడా లేదు. 1954-55 పోటీల్లో కృపాల్ 636 పరుగులు చేశాడు, పదమూడు వికెట్లు తీశాడు. బెంగాల్‌తో సెమీఫైనల్లో 98, 97. రెండుసార్లూ నూరు గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. మామూలుగా అయితే ఇలాంటివాడిని చూసి జాలిపడతాం. కానీ జట్టు ఫైనలుకు వెళ్ళింది కనక ఆ లోటు లోటనిపించలేదు.

ఫైనలు ఇండోర్‌లో, హోల్కర్ జట్టు సొంత గడ్డ మీద. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. హోల్కర్ అంటే ఇండోర్ సంస్థానాధీశుల వంశం పేరు. ఆ జట్టును దేశంలోకెల్లా గట్టి జట్టుగా తీర్చిదిద్దినవాడు మన సి.కె. నాయుడే. మహారాజు పిలుపు మీద 1923లో ఇండోర్ చేరి అక్కడే ఉండిపోయారు. ఆయన సారథ్యంలో హోల్కర్ నాలుగుసార్లు రంజీ గెలిచింది, ఆఖరిసారి 1952-53లో. పధ్నాలుగేళ్ళలో పదిసార్లు ఫైనలు ఆడిన జట్టు అది. ఇప్పుడు సారథి ముస్తాక్ అలీ.

తిరుత్తణిలో కూర్చుని ఈ ఫైనలు కబురు వినే తెలుగువాడి పరిస్థితి ఊహించుకోండి. తన రాష్ట్రం ఆంధ్ర, అది పోటీలో లేదు. ఒక పక్క మద్రాసు, బుచ్చిబాబు పునాది వేసిన జట్టు, తన రైలు వెళ్ళే ఊరు. ఇంకో పక్క హోల్కర్, సి.కె. పెంచిన జట్టు, మొన్న మొన్నటి దాకా ఆయన నడిపిన జట్టు. రెండూ తనవే అనవచ్చు. రెండూ తనవి కావనీ అనవచ్చు.

ఆట హోరాహోరీగా సాగింది. మద్రాసు మొదటి ఇన్నింగ్స్‌లో 478. హోల్కర్ వదలకుండా 417 చేసింది. మద్రాసు రెండోసారి 311. హోల్కర్ గెలవాలంటే 373 కావాలి. 326 దాకా లాక్కొచ్చి ఆగిపోయింది. నాలుగు ఇన్నింగ్స్‌లలో వెయ్యిన్నర దాటిన పరుగులు పారితే, తేడా 46 పరుగులు మాత్రమే. కృపాల్ సింగ్ 75, 91 పరుగులు చేసి ఏడు వికెట్లు తీశాడు. మద్రాసు జట్టు తొలిసారి రంజీ విజేత అయింది. తండ్రి మొదలుపెట్టిన పనిని ఇరవై ఏళ్ళకు కొడుకు ముగించాడు.

అదే ఏడాది నవంబరులో న్యూజిలాండుతో హైదరాబాదు ఫతే మైదాన్‌లో టెస్టు జరిగింది. హైదరాబాదుకు అదే తొలి టెస్టు, కృపాల్‌కూ అదే తొలి టెస్టు. అజేయంగా నూరు పరుగులు చేశాడు. తండ్రి రాంసింగ్‌కు ఎంత ప్రతిభ ఉన్నా అధికారిక టెస్టు ఆడే యోగం పట్టలేదు. ఆ కొరత కూడా కొడుకే తీర్చాడు.

ఓడిన హోల్కర్ గతి ఏమైందో తెలుసా? ఆ పేరుతో ఆ జట్టు ఆడిన ఆఖరి ఏడు అదే. సంస్థానం ఎప్పుడో పోయింది, ఇప్పుడు జట్టు పేరు కూడా పోయింది. ఎల్ల చెరిగితే జట్టూ చెరిగిపోతుందన్నమాట. అలాగని ప్రతిచోటా అలాగే జరిగిందా అంటే, లేదు. 1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి. జట్లు మాత్రం కలవలేదు. ఆంధ్ర జట్టు ఆంధ్రగానే, హైదరాబాదు జట్టు హైదరాబాదుగానే ఉండిపోయాయి. 2014లో తెలంగాణ విడిపోయేదాకా ఒకే రాష్ట్రంలో రెండు రంజీ జట్లు ఆడాయి. రెవెన్యూ పటం ఒక దారిన పోయింది, ఆటల పటం ఇంకో దారిన పోయింది.

ఈ మాటకు తోడుగా ఒక దూరదేశపు ముచ్చట. ఐర్లండులో హర్లింగ్ అని ఒక పాతకాలపు ఆట ఉంది. ఒక్కొక్క పక్షాన పదిహేను మంది. కొస వెడల్పుగా ఉండే వంపు కర్రతో చిన్న బంతిని నేల మీదా గాలిలోనూ కొట్టుకుంటూ పోతారు. మన బిళ్ళంగోడు ఆడే పిల్లవాడికి కర్ర, చూపు, చురుకు కలిసే ఆ కిటుకు వెంటనే అర్థమవుతుంది. ఈ ఆటను కాపాడుకోవడానికి 1884లో థర్లెస్ అనే ఊళ్ళో ఒక సంఘం పెట్టారు. అక్కడ కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఊరి క్లబ్బులు ముందు తమలో తాము పోటీపడతాయి. తొలినాళ్ళలో అలా గెలిచిన క్లబ్బే తన కౌంటీ పేరుతో దేశపు పోటీకి వెళ్ళేది. 1887 పోటీల ఫైనలు 1888 ఏప్రిల్ 1న జరిగింది, థర్లెస్ క్లబ్బు ఆడి టిప్పరరీ కౌంటీకి గెలుపు తెచ్చింది. ఆడినవాళ్ళకు జీతం లేదు. పుట్టి పెరిగిన ఊరే జట్టు.

మనకు పనికివచ్చే సంగతి ఏమిటంటే, 1921లో ఐర్లండును రెండుగా చీల్చారు. ఉత్తరాన ఆరు కౌంటీలు బ్రిటన్ కింద ఉండిపోయాయి. రాజ్యాలు రెండయ్యాయి, నాణేలు వేరయ్యాయి, దారిలో తనిఖీ చావడులు వెలిశాయి. కానీ ఆ సంఘం మాత్రం ఎల్లను లెక్కపెట్టలేదు. ముప్పయి రెండు కౌంటీలూ ఆ ఒక్క సంఘం కిందే ఆడుతూ వచ్చాయి. అక్కడి సరిహద్దు మనిషికి తన జట్టు ఏదన్న సందేహం రాలేదు. మనవైపు క్రికెట్ పెద్దలు అలా ఆలోచించి చేశారని నేను అనను. అప్పటికి ఏది వీలైతే అది చేశారు. అందుకే ఒకచోట జట్టు పోయింది, ఒకచోట నిలిచింది, మనచోట మనుషులే జట్టు మారవలసి వచ్చింది.

అది ఎలా జరిగిందో మీకు తెలుసు. సరిహద్దు తగవు తీర్చడానికి పటాస్కర్ గారిని మధ్యవర్తిగా వేశారు. ఆయన సిఫారసుల మీద 1959లో చట్టం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చాయి. ఇటునుంచి సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. 1911లో చిత్తూరు జిల్లాలో చేరింది ఏప్రిల్ 1నే, వదిలింది కూడా ఏప్రిల్ 1నే. సర్కారు లెక్కల సంవత్సరం ఆ రోజు మొదలవుతుంది కనక అలా కుదిరింది, అంతకు మించి అందులో విశేషం లేదు. అయినా చెప్పుకోవడానికి బాగుంది.

ఇందులో ఒక చిత్రముంది. 1957-58 నుంచి రంజీ పోటీల పద్ధతి మారింది. ఒకే మండలంలోని జట్లన్నీ ఏటా ఒకదానితో ఒకటి ఆడే లీగు పద్ధతి వచ్చింది. అంటే ఆంధ్రకూ మద్రాసుకూ ఏటా ముఖాముఖి తప్పనిసరి అయింది. తిరుత్తణి వాళ్ళకు మూడు సీజన్ల పాటు ఆంధ్ర సొంత జట్టు, మద్రాసు ఎదుటి జట్టు. నాలుగో సీజను వచ్చేసరికి అది తారుమారైంది. సత్యవేడు వాళ్ళకూ అంతే, అటునుంచి ఇటు. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు, పిల్లలు తాటిమట్ట బ్యాటు పట్టుకుని ఆడే చెరువుకట్ట కింది మైదానం కదలలేదు. మారింది జట్టు పేరు ఒక్కటే.

మద్రాసు రాష్ట్రం 1969లో తమిళనాడు అయింది, జట్టు పేరూ తర్వాత అలాగే మారింది. తిరుత్తణి చెంగల్పట్టు జిల్లాలో ఉండి, 1997లో కొత్తగా వచ్చిన తిరువళ్ళూరు జిల్లాలో చేరింది. మొత్తానికి ఈ రెండు ఊళ్ళూ ఒక గూటికి వచ్చాయి. రంజీ ట్రోఫీ రెండోసారి ఈ వైపుకు రావడానికి ముప్పయి మూడేళ్ళు పట్టింది. 1987-88లో వాసుదేవన్ సారథ్యంలో తమిళనాడు గెలిచింది. దానికి సరిగ్గా ముందటి ఏడు, 1986-87లో, ఎం.వి. నరసింహారావు సారథ్యంలో హైదరాబాదు గెలిచింది. వరసగా రెండేళ్ళు. మన సరిహద్దు ఊళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళు ఆ రెండేళ్ళూ రెండు గెలుపులనూ తమ ఖాతాలో వేసుకుని ఉంటే, నా దృష్టిలో అందులో దొంగలెక్క ఏమీ లేదు.

మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవాళ్ళు ఉంటే, 1955లో ఇండోర్ కబురు వచ్చిన రోజున వాళ్ళు ఏ పక్షాన ఉన్నారో తీరిక చూసుకుని అడగండి. తిరుత్తణి తాతయ్య చెప్పేది ఒకటి, తిరువళ్ళూరు తాతయ్య చెప్పేది ఇంకొకటి కావచ్చు. ఇద్దరూ ఒకే వీధిలో ఉంటే మరీ మంచిది, పక్కపక్కన కూర్చోబెట్టి అడగండి.